అక్క కిడ్నీలో మేల్కొన్న వైరస్

నా పొట్టకి కుడివైపు, కిందగా ఉన్న కిడ్నీ మా అక్కది. చొక్కా మీదనుంచి చెయ్యి వేసినా చిన్న ఎత్తులా తగులుతుంది. ఆపరేషనైన కొత్తలో అక్కడ చెయ్యి పడితే వెంటనే తీసేసేవాడిని. అడక్కుండా ఇంకొకరి వస్తువు ముట్టుకున్నట్టుండేది.

నా ఉద్యోగకాలమంతా దినపత్రిక డెస్కులోనే గడిచింది. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ఊరంతా పడుకునే వేళ నేను పనిలో ఉండేవాడిని, ఊరు లేచే వేళ పడుకునేవాడిని. అలా జరిగిపోయింది. రిటైరయ్యాక పుప్పాలగూడలో ఒక టవర్‌లో చిన్న ఫ్లాటు కిరాయికి తీసుకున్నాను. ఎప్పటినుంచో ఉన్న బీపీ నెమ్మదిగా రెండు కిడ్నీలనూ తినేసిందని అక్కడికి వచ్చాకే తెలిసింది. డయాలసిస్ మొదలైన కొన్నాళ్లకి, బాచుపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్న మా అక్క "నాది తీసుకోరా" అంది, అన్నం దగ్గర కూరగిన్నె ముందుకు జరిపినంత మామూలుగా. ఆవిడ నాకన్నా కొంచెమే పెద్ద. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. వయసు ఎక్కువని డాక్టర్లు మొదట వెనకాడారు. పరీక్షలన్నీ చేశాక ఒప్పుకున్నారు.

కిడ్నీ ఇచ్చేవాళ్లని ఒక కమిటీ ముందు కూర్చోబెట్టి అడుగుతారు.

"మీ మీద ఎవరి బలవంతమూ లేదు కదమ్మా?" అన్నాడు అందులో ఒకాయన.

"బలవంతమా? వీడా?" అంది అక్క. "చిన్నప్పుడు నా పలక తీసుకోవాలన్నా తలుపు దగ్గర నిలబడి చూసేవాడండి, నోరు తెరిచి అడిగేవాడు కాదు. ఇప్పుడూ అడగలేదు. నేనే ఇస్తున్నాను. జాగ్రత్తగా వాడుకోమని మీరు కాస్త గట్టిగా చెప్పండి."

కమిటీ నవ్వింది. నేను జాగ్రత్తగానే వాడుకున్నాను.

ఇంకొకరి కిడ్నీ ఒంట్లో నిలవాలంటే ఒంటిలోని కాపలాని తగ్గించాలి. లేకపోతే అది కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి తరిమేస్తుంది. అందుకు పొద్దున, సాయంత్రం గోలీలు. కాపలా తగ్గిన ఒంటికి జనం పనికిరారు. పెళ్లిళ్లు వద్దు, సంతలు వద్దు, దగ్గుతో వచ్చే చుట్టం వద్దు. పాత సహోద్యోగులు వస్తామన్నారు. ఇప్పుడొద్దన్నాను. రెండోసారీ వద్దన్నాక వాళ్లు అడగడం మానేశారు. అడగడం మానేసినందుకు ఎవర్నీ తప్పు పట్టలేం.

మా అంతస్తులో వాళ్లని నేను ముఖాలతో కాక చెప్పులతో ఎరుగుదును. ఎదురింటి గుమ్మం ముందు ఒక జత పరుగు బూట్లు, ఒక జత ఎత్తు మడమలు. నెలకోసారి వాటి పక్కన ముసలివాళ్ల చెప్పులు వచ్చి, వారం ఉండి పోయేవి. పక్క ఫ్లాటులో కుర్రాడు ఇంటినుంచే ఆఫీసు పని చేసేవాడు. గోడలు పల్చన. "నా మాట వినిపిస్తోందా?" అని అతను రోజూ ఇంగ్లిషులో ఎవరినో అడుగుతూ ఉండేవాడు. ఇవతల కుర్చీలో కూర్చుని, వినిపిస్తోంది నాయనా, అనుకునేవాడిని. కరచాలనం దూరంలో ఇంతమంది, ఒకళ్లకొకళ్లు ఆనుకుని, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ. బాల్కనీలోంచి చూస్తే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల గోడల మీద మబ్బులు నడిచేవి. అవి నడవడం చూస్తే పూట గడిచేది.

ఆదివారం మాత్రం అక్క వచ్చేది. చందానగర్ చర్చిలో ఆరాధన ముగించుకుని, అక్కణ్ణించి క్యాబ్‌లో. గుమ్మంలోనే చేతులు కడుక్కుని, మాస్కు సర్దుకుని, నా తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేది. తర్వాత సంచీలోంచి ఒక పంపర పనసకాయ తీసేది. బాచుపల్లిలో వాళ్ల ఇంటి వెనక చెట్టుంది. బావ బతికుండగా గోదావరి వైపునుంచి మొక్క తెచ్చి పాతాడు.

ఆ పండు పెట్టడంలో ఆవిడ తర్కం గట్టిదే. ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి మాకు రెండు మాటలు చెప్పింది. తోలు మందంగా ఉన్న పళ్లే తినాలి, అవీ ఇంట్లో వలిచినవే తినాలి, అన్నది ఒకటి. మందుతో పడని ఒక పుల్లని విదేశీ పండు పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు, అన్నది రెండోది. ఆ విదేశీ పండుని మేమిద్దరం ఎన్నడూ చూడలేదు, కొనలేదు. తోలు మందం విషయానికొస్తే పంపర పనసని మించింది ఏముంది? పైన బొటనవేలంత తోలు, దాని కింద తెల్లని దూది, దాని కింద తొనలు, ప్రతి తొనకీ మళ్లీ ఒక పొర.

"ఏ పురుగు దూరుతుందిరా ఇందులోకి?" అనేది అక్క. "మందులు కొట్టిన మార్కెట్టు సరుకు కూడా కాదు. మన చెట్టుది."

నేల మీద పేపరు పరుచుకుని కూర్చునేది. ఒక్కో తొన పొర ఒలిచి, లేత గులాబీ ముత్యాల్లాంటి గుజ్జు చెదరకుండా డబ్బాలో పేర్చేది. గంటసేపు పట్టే పని.

"ఇన్నేళ్లు మీరందరూ కష్టపడి అచ్చేసింది దీనికి బాగా పనికొచ్చిందిరా" అనేది, తోలు పేపర్లో చుడుతూ.

ఆ గంటసేపూ మేం మాట్లాడుకునేవాళ్లం. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుందాం రా అంటే మా ఇంట్లో ఎవరికీ మాట రాదు. చేతిలో పని ఉంటేనే వస్తుంది. డబ్బా నిండాక లేచేది. వారమంతా నేను కొంచెం కొంచెం తినేవాడిని.

వానాకాలం చివర్లో మొదలైన పళ్లు చలికాలంలోకి వచ్చేసరికి, నా రక్తపరీక్షలో క్రియాటినిన్ కొద్దిగా పైకి జరిగింది. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే లెక్క అది. పెరగకూడదు. తర్వాతి పరీక్షలో ఇంకొంచెం జరిగింది. మా కిడ్నీ డాక్టరు కరీంనగర్ వైపు ఆవిడ. మాటలో ఆ ఊరు దాచుకోదు.

"మందు లెవెల్ గింత ఎక్కువ ఎట్లొచ్చింది సార్? గోలీలు డబుల్ వేసుకుంటున్నరా?"

"లేదమ్మా. మీరు రాసినట్టే."

"కొత్త మందులేమన్న? ఆయుర్వేదం, చూర్ణం, ఎవరన్న ఇచ్చిన పసరు? జర సోచాయించి చెప్పుండ్రి."

ఆలోచించి చెప్పాను. ఇడ్లీ, అన్నం, పప్పు, ఉప్పు తగ్గించిన కూర. పండు గుర్తు రాలేదు. దాచింది కాదు. ఏం తింటున్నావని అడిగితే కొన్నవీ వండినవీ చెబుతాం. అక్క చేత్తో పెట్టింది ఆ లెక్కలోకి రాదు.

మూత్రపరీక్షలో వింత కణాలు కనిపించాయి. వాటి కేంద్రకం ఉబ్బి, లోపల మసకబారి ఉంటుంది. తెలియనివాళ్లు చూస్తే క్యాన్సర్ కణాలే అనుకుంటారట.

"క్యాన్సర్ కాదు, ఫికర్ చెయ్యకుండ్రి" అంది డాక్టరు. "ఇది పాలియోమా అనే వైరస్ చేసిన పని. ఈ ఖాందాన్‌ల వైరస్‌లు ఎలుకలల్ల గడ్డలు లేపుతయి, అందుకే ఆ పేరు. మనిషిల గడ్డ చాలా అరుదు. గని మీ కొత్త కిడ్నీకి మాత్రం దీనితోని పరేషానే."

"ఎక్కణ్ణించి వచ్చిందమ్మా? నేను ఎవర్నీ కలవట్లేదే."

"కొత్తగ వచ్చింది కాదు సార్. చిన్నప్పుడే జలుబు తీరు వచ్చి పోతది, చానా మందికి. పోయినట్టే ఉంటది. కిడ్నీల పడుకొని ఉంటది. కాపలా తగ్గిందంటే లేస్తది. మీదో, మీ అక్క కిడ్నీతోని వచ్చిందో, గది చెప్పలేం."

ఏదైనా అర్థం కాకపోతే మూడు చోట్ల అడిగి రాసుకోవడం పాత అలవాటు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. అర్థమైనకొద్దీ ఆ వైరస్ మీద కోపం రావడం కష్టమైంది. అది చాలా చిన్నది. గుప్పెడు జన్యువులున్న డీఎన్ఏ ఉంగరం ఒకటి, పైన ఒక డొల్ల. తన డీఎన్ఏకి నకళ్లు తీసుకునే సామగ్రి దాని దగ్గర లేదు. కణం దగ్గర ఉంటుంది, కానీ అది విభజనకు సిద్ధమైనప్పుడే బయటికి తీస్తుంది. కిడ్నీలో కణాలు దాదాపుగా విభజన మానేసినవి. పుస్తకాలు వాటిని విశ్రాంతిలో ఉన్న కణాలంటాయి. నిజానికి వాటికి విశ్రాంతి ఎక్కడిది, పగలూ రాత్రీ ఒంట్లో నీళ్లు వడకడుతూనే ఉంటాయి. మరో కణాన్ని పుట్టించే పని మాత్రం పక్కన పెట్టేశాయి, అంతే.

పాత ప్రయోగాల గురించీ చదివాను. ఎలుక కిడ్నీ కణాలని గాజుపళ్లెంలో పెంచుతారు. పళ్లెం నిండేదాకా పెరుగుతాయి. ఒకదానికొకటి ఆనుకున్నాక, ఎవరూ చెప్పకుండానే ఆగిపోతాయి. డీఎన్ఏ తయారీ దాదాపు ఆగిపోతుంది. అప్పుడు పళ్లెంలో వైరస్ వేస్తారు. ఆగిపోయిన కణాలు మళ్లీ డీఎన్ఏ తయారుచేయడం మొదలుపెడతాయి. వైరస్ డీఎన్ఏ ఒక్కటే కాదు, తమదీ. అక్కడ చదవడం ఆపి చాలాసేపు కూర్చున్నాను. పక్క ఫ్లాటు కుర్రాడు ఆ రోజు ఎవర్నీ ఏమీ అడగలేదు.

మర్నాడు ఆదివారం. అక్క నేల మీద పేపరు పరిచి తొనలు ఒలుస్తోంది. నేను నా మందు గురించి ఫోనులో చదువుతున్నాను. ఏ పళ్లతో ఆ మందు పడదో ఒకచోట బొమ్మలతో వేశారు. ఆ విదేశీ పండు బొమ్మ పక్కనే దాని చుట్టం అంటూ ఇంకో బొమ్మ ఉంది. పచ్చటి పెద్ద కాయ, మందమైన తోలు, తెల్లని దూది, గులాబీ తొనలు. ఈ జాతి పళ్లలో ఉండే పదార్థం మందుని పేగుల్లోనూ కాలేయంలోనూ అరగనివ్వదు, అందువల్ల రక్తంలో మందు పేరుకుంటుంది. మందు పేరుకుంటే కాపలా మరీ పడిపోతుంది.

ఫోను తిప్పి పెట్టేశాను. అక్క వేళ్లు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. ఒక్క చోట చదివింది వార్త కాదు. ఆవిడ వెళ్లాక డబ్బా ఫ్రిజ్‌లో వెనక్కి తోసి, సోమవారం డాక్టరుకి ఫోన్ చేశాను.

"పంపర పనసనా?" అంది ఆవిడ. "ఎన్ని తిన్నరు?"

"వారానికొకటి. సీజనంతా."

"ఎవరు తెచ్చిస్తున్నరు సార్?"

"మా అక్క."

"కిడ్నీ ఇచ్చిన అక్కనా?"

"ఒక్కతే అక్కమ్మా."

"అదే కారణమని పక్కా చెప్పలేం. అయ్యుండచ్చు. ఇగ ఆ పండు బంద్. గోలీలు నేను తగ్గిస్త. కాపలా కొంచెం లేస్తే వైరస్‌ను అదే అణుస్తది. మరీ ఎక్కువ లేస్తే కిడ్నీ మీదికే పోతది. నడుమల నడవాలె. టెస్టులు రెండు వారాలకోసారి తప్పొద్దు."

వైరస్‌ని నేరుగా కొట్టే మంచి మందు లేదని కూడా ఆవిడే చెప్పింది. అక్క కిడ్నీ నిలవడమూ పోవడమూ ఆ నడుమ దారి మీద ఆధారపడింది.

అక్కకి చెప్పకుండా పళ్లు మాన్పించే దారులు వెతికాను. పుల్లగా ఉంటున్నాయని చెప్పొచ్చు. గొంతు నొప్పి అనొచ్చు. కానీ కిడ్నీ గురించి ప్రతి అంకె తెలుసుకునే హక్కు ఆవిడకుంది. తర్వాతి ఆదివారం, ఆవిడ కాయకి గాటు పెట్టకముందే చెప్పాను. వైరస్ సంగతి, మందు సంగతి, పండు సంగతి. వరసగా, మధ్యలో ఆపకుండా.

అక్క కత్తి కింద పెట్టింది.

"అంటే నేనిచ్చింది నేనే వెనక్కి లాక్కుంటున్నానన్నమాట."

"అలా కాదక్కా. కారణం కావచ్చు అంటున్నారు. నిర్ధారణ కాలేదు."

"నీ పేపరు భాష నా దగ్గర మాట్లాడకు." కాసేపు కాయని చేతుల్లో తిప్పింది. "ఆ వైరస్ కూడా నాదేనా?"

"నాదైనా కావచ్చు."

"అంటే, నాదీ కావచ్చు కదా?" అంది అక్క.

"కావచ్చు."

"లేచి ఏం చేస్తుంది అది? సరిగ్గా చెప్పు. అయ్యో పాపం అని కాకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పు."

చెప్పాను. నాకు తెలిసిన పోలిక ప్రెస్సు ఒక్కటే. "ఒకడి దగ్గర కరపత్రం ఉంది, మెషీను లేదు. మా ప్రెస్సులోకి దూరాడు. మెషీను ఆగి ఉంది. స్విచ్చి దగ్గర ఫోర్‌మన్ కాపలా. ఆయన చెయ్యి తీయనిదే మెషీను తిరగదు. కణంలో అలాంటి కాపలా ప్రొటీన్ ఒకటుంటుంది. డీఎన్ఏ నకళ్లు తీసే సామగ్రిని తెరవనివ్వదు. వైరస్ లోపలికి రాగానే తన ప్రొటీన్ ఒకటి తయారుచేయించి, దాన్ని ఈ ఫోర్‌మన్ మీదికి పంపుతుంది. అది ఆయన్ని కౌగిలించుకుని పట్టుకుంటుంది. స్విచ్చి మీద చెయ్యి జారుతుంది."

"కొట్టదా?"

"కొట్టదు. పట్టుకుని ఉంటుంది, అంతే. మెషీను మొదలవుతుంది. ఆ కణం తన డీఎన్ఏని తనే అచ్చేసుకోవడం మొదలుపెడుతుంది, ఎవరూ అడక్కుండానే. ఆ హడావుడిలో వీడి కరపత్రాలు వేలకి వేలు పడతాయి. చివరికి కణం పగిలిపోతుంది, అవి పక్క కణాల్లోకి పోతాయి."

"మరి గడ్డ ఎక్కడ?"

"కరపత్రం పడకుండా పని మధ్యలో ఆగిపోయిన చోట. వీడి కాగితం మెషీన్లో ఇరుక్కుపోయిందనుకో. ప్రెస్సు కాలిపోదు, కానీ ఫోర్‌మన్ని పట్టుకున్న చెయ్యి వదలదు. మెషీను తిరుగుతూనే ఉంటుంది. గడ్డ వల్ల వైరస్‌కి ఒరిగేదేమీ లేదు. దానికది అనుకోకుండా జరిగే ప్రమాదమే."

"కౌగిలించుకుని పట్టుకుంటుందన్నావు" అంది అక్క. కాయని సంచీలో పెట్టుకుంది. గాటు పెట్టని కాయ. ఆ రోజు ప్రార్థన చేయకుండానే వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఫోన్ చేసి, మోకాళ్లు నొప్పులంది. ఆ పై ఆదివారం ఆరాధన ఆలస్యమైందంది.

"ఊరికే రా అక్కా. కూర్చుందువు గాని."

"రోగిష్టి మనిషి ఇంటికి ఉత్తచేతుల్తో ఎలా వస్తానురా?"

"నా ఇంటికే కదా."

"నీ ఇంటికే. ఏం తేవాలి నేను? ఏం తెచ్చినా దాన్ని ముందు నువ్వు ఫోన్లో చూడాలి." కోపంగా అనలేదు. లెక్క తప్పిన పిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా అంది. "జనం వద్దన్నారు కదా నీకు. నేనూ జనమే."

ఆ వారాల్లో ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. క్యాబ్ డ్రైవరుకి ఓటీపీ చెప్పినప్పుడు గుర్తొచ్చేది, పొద్దుటినుంచి ఇదే మొదటి మాట అని. మందు తగ్గించారు. ఒక రకం గోలీ పూర్తిగా ఆపేశారు. మొదటి పరీక్షలో రక్తంలో వైరస్ తగ్గలేదు. రెండోదానిలోనూ దాదాపు అంతే. క్రియాటినిన్ ఇంకొంచెం జరిగింది. సూదితో కిడ్నీ ముక్క తీసి చూడాల్సి రావచ్చంది డాక్టరు. ఈ సంగతి మాత్రం అక్కకి ఫోన్లో చెప్పాను.

మూడో పరీక్ష రోజు పొద్దున్నే దవాఖానాకి వెళ్లేసరికి, రక్తం ఇచ్చే చోట వరసలో చివరి కుర్చీలో అక్క కూర్చుని ఉంది. మాస్కు వేసుకుంది. శాలువా కప్పుకుంది. పక్కన ఒక కుర్చీ ఖాళీగా వదిలింది.

"దూరంగానే కూర్చో" అంది.

"ఎందుకొచ్చావు?"

"నా కిడ్నీ చూసుకోడానికి వచ్చాను. నీకేమైనా అభ్యంతరమా?"

రక్తపరీక్ష వరసలోకి ఎవరూ ఏమీ తేరు. ఉత్తచేతుల్తో రావాల్సిన చోటు అదొక్కటే. ఆ తర్వాత ఆదివారాలు ఇంటికి రాకపోయినా, ప్రతి పరీక్షకీ వచ్చింది. ఖాళీ కుర్చీకి అటొకరం, ఇటొకరం. రక్తం తీసే కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాడు.

"ఏంది మేడం, సార్ చెయ్యి నువ్వు పట్టుకోకపోతే నరం దొరకదా ఏంది?"

"నువ్వు గుచ్చవయ్యా, మాటలెందుకు" అనేది అక్క. కానీ పట్టుకునేది.

రిపోర్టు వచ్చేదాకా క్యాంటీన్‌లో కూర్చుని చక్కెర లేని టీ తాగేవాళ్లం. మనవరాలి లెక్కల టీచరు ఎంత తప్పుగా చెబుతోందో ఆవిడ వివరంగా చెప్పేది. టేబులు మీద వేలితో లెక్క చేసి చూపించేది. నేను వింటూ ఉండేవాడిని. నేనెప్పుడూ అంత శ్రద్ధగా లెక్కలు విన్నవాణ్ణి కాదు.

సూది పరీక్ష అవసరం పడలేదు. వైరస్ మెల్లగా దిగింది, ఒకసారి ఆగి, మళ్లీ దిగింది. క్రియాటినిన్ పాత చోటికి రాలేదు. కొంచెం పైనే ఆగింది. పోయిన కణాలు పోయినట్టే. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున, డాక్టరు మా ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"రక్తంల వైరస్ కనిపిస్తలేదు" అంది. "కిడ్నీ నిలబడ్డది. ఇది చానా మంచి ముచ్చట సార్. అమ్మా, మీరు కూడా ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

అక్క కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. చాలా నెలల తర్వాత ఆవిడ ప్రార్థన చేయడం అప్పుడే చూశాను.

"ఇగ రెండు వారాలకోసారి తిరగనక్కర లేదు" అంది డాక్టరు, కంప్యూటర్లో ఏదో కొడుతూ. "మూడు నెలలకోసారి చాలు."

మేమిద్దరం ఏమీ అనలేదు. డాక్టరు తల ఎత్తి చూసింది. మేం వినలేదనుకుని మళ్లీ చెప్పింది.

"మూడు నెలలు" అంది అక్క.

"అవునమ్మా. అంత మంచిగ ఉన్నదన్నట్టు."

బయట పోర్టికోలో రెండు క్యాబ్‌లు పిలిచాం, ఒకటి బాచుపల్లికి, ఒకటి పుప్పాలగూడకి. ఆవిడది ముందు వచ్చింది. ఎక్కబోతూ ఆగింది.

"మంచిదే కదరా?"

"మంచిదే అక్కా."

"మరి మొహం అలా పెట్టావేం?"

"నువ్వు మాత్రం?"

ఆవిడ ఎక్కి తలుపేసుకుంది. అద్దం దించి, ఏదో చెప్పబోయి, వెనక కారు హారన్ కొడితే మళ్లీ ఎత్తేసింది. నా క్యాబ్ ఇంకా ఐదారు నిమిషాల దూరంలో ఉందని నా ఫోన్లో కనిపించింది. పోర్టికోలో కుర్చీలున్నాయి, ఒకటి వదిలి అవతల కూర్చునే మనిషి లేదు. నేను కూర్చోలేదు.